అంకె, పేరు, కథ: చీనా మృగవత్సరముల చరిత్ర

చీనాదేశమున నూతన సంవత్సరము సమీపించు దినములలో ఇంటింట ఒక ప్రశ్న వినవచ్చును. రాబోవు సంవత్సరము ఏ మృగమునకు చెందినది? ఆ మృగము తమ జన్మమృగముతో ఎట్లు మెలగును? ఎలుక సంవత్సరమున పుట్టిన తాతకు గుర్రము మేలు చేయునా? పులి సంవత్సరమున పుట్టిన కోడలికి కలిసివచ్చునా? ఈ ప్రశ్నలకు పంచాంగములు బదులు చెప్పును. తెలుగు పాఠకునకు ఈ దృశ్యము కొత్తది కాదు. ఉగాదినాడు పంచాంగశ్రవణములో పన్నెండు రాశుల ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు అంకెలలో విని, తన వంతుకు వచ్చిన వ్యయము చూచి నిట్టూర్చని గృహస్థు అరుదు. ఫలము చెప్పు గ్రంథము వేరు, వినెడి చెవి ఒక్కటే.

2026 ఫిబ్రవరి 17వ తేదీ చీనా పంచాంగము ప్రకారము ‘బింగ్ ఊ’ సంవత్సరమునకు, అనగా అగ్నితత్త్వముగల గుర్రపు సంవత్సరమునకు తొలిదినము. అదే యేటి మార్చి 19వ తేదీ తెలుగువారి పరాభవ నామ సంవత్సరాది. అరువదేండ్లకు ఒకమారు ఈ రెండు పేర్లు ఇట్లే కలియును. 1966లోను కలిసినవి. ఆ 1966లో జపాన్ దేశమున, అంతకు ముందటి యేటితో పోల్చిన, సుమారు నాలుగవ వంతు శిశువులు తక్కువగా పుట్టినారు. కరవు లేదు, యుద్ధము లేదు, మహమ్మారి లేదు. ఉన్నది ఒక సంవత్సరముయొక్క పేరు మాత్రమే. ఒక పేరు ఇంతపని ఎట్లు చేయగలిగినదో తెలియవలెనన్న, ఆ పేరు పుట్టిన చోటినుండి నడచి రావలెను.

మొదట ఉన్నది మృగము కాదు, అంకె. ఉత్తర చీనాలోని అన్యాంగ్ పట్టణము చెంత 1928లో మొదలైన త్రవ్వకములలో షాంగ్ రాజుల కాలపు ఎముకలు, తాబేటి చిప్పలు వేలకొలది బయటపడినవి. క్రీస్తుకు పూర్వము 13వ శతాబ్దినుండి 11వ శతాబ్ది వరకు రాజులు తమ పితరులను అడిగిన ప్రశ్నలు వాటిమీద చెక్కబడి ఉన్నవి. వాన పడునా, వేట దొరకునా, యుద్ధమున జయము కలుగునా, రాణి ప్రసవము సుఖముగా జరుగునా అన్నవి ఆ ప్రశ్నలు. ప్రశ్నకు ముందు ఆ దినముయొక్క పేరు ఉండును. ఆ పేరున రెండు అక్షరములు. మొదటిది పది అక్షరముల వరుసనుండి, రెండవది పన్నెండు అక్షరముల వరుసనుండి తీసికొన్నది. పదింటిని ఆకాశకాండములనియు, పన్నెండింటిని భూశాఖలనియు తరువాతివారు పిలిచినారు. పది పండ్ల చక్రమును, పన్నెండు పండ్ల చక్రమును ఒరసికొని తిరిగినచో, బయలుదేరిన జంట మరల కలియుటకు అరువది అడుగులు పట్టును. అదియే అరువది లెక్కకు మూలము. ఆ అరువది జంటలను వరుసగా చెక్కిన ఎముక ఒకటి దొరికినది. బడిపిల్లవాని పలకమీది ఎక్కము వంటిది అది. దానిలో ఎలుక లేదు, గుర్రము లేదు. దినములు మాత్రమే లెక్కకు వచ్చినవి. సంవత్సరములను ఈ జంటలతో క్రమముగా లెక్కించుట ఎంతో తరువాత, హాన్ రాజుల కాలమున, క్రీస్తుశకము 1వ శతాబ్దినాటికి స్థిరపడినది.

దినముల లెక్క సంవత్సరములకు ఎక్కుటకు తోడ్పడినది బృహస్పతి గ్రహము. ఆ గ్రహము ఆకాశమును ఒకమారు చుట్టివచ్చుటకు సుమారు పన్నెండేండ్లు పట్టును. ఆకాశమును పన్నెండు భాగములు చేసి, గురుడు ఏ భాగమున ఉన్నాడో దానినిబట్టి సంవత్సరమునకు పేరు పెట్టుట చీనా జ్యోతిష్కులకు తోచిన ఉపాయము. కాని గురుని నడక భూశాఖల వరుసకు ఎదురుదిశలో సాగుచుండుటచే, అతనికి ఎదురుగా, వరుస చొప్పున నడచెడి ఒక కల్పితగ్రహమును వారు ఊహించినారు. దానిపేరు ‘థై సుయి’, మహావత్సరము. అది కంటికి కనిపించదు. లెక్క కుదురుటకై పుట్టిన ఊహ అది. పైగా గురుని పరిభ్రమణకాలము పండ్రెండేండ్లకు కొంచెము తక్కువ, 11.86 సంవత్సరములు. సుమారు ఎనుబదియైదేండ్లకు ఒక గడి ముందుకు జరుగును. కొంతకాలమునకు చీనీయులు ఆ తేడా సవరించుట మానివేసి, గ్రహమును వదలి లెక్కను నిలుపుకొన్నారు. భారతదేశమునను ఇదే జరిగినది. ఉత్తరదేశమున బార్హస్పత్యమానము గురుని నడకతో ముడిపడి, అప్పుడప్పుడు ఒక సంవత్సరము క్షయమగుచుండును. దక్షిణదేశమున సుమారు 10వ శతాబ్ది ఆరంభమునుండి క్షయము చూచుట ఆగిపోయి, ప్రభవాది అరువది పేర్లు ఎడతెగక సాగివచ్చినవి. అనగా, నేటి చీనా సంవత్సరమునకుగాని, తెలుగు సంవత్సరమునకుగాని ఆకాశములోని ఏ గ్రహముతోను పొత్తు లేదు. రెండును వేయియేండ్లకు పైగా తమంతతామే తిరుగుచున్న గడియారములు.

మృగములు ఎప్పుడు వచ్చినవి? చాలకాలము ఈ ప్రశ్నకు ఊహలే సమాధానములు. 1975 డిసెంబరులో హూబెయ్ రాష్ట్రమున యున్‌మెంగ్ సమీపమున షుయిహుది అనుచోట ఒక సమాధి బయటపడినది. క్రీస్తుపూర్వము 217 ప్రాంతమున మరణించిన, ఛిన్ రాజ్యమునకు చెందిన ఒక చిన్న అధికారిది అది. అతని శవము చుట్టును వెదురుకమ్మలమీద వ్రాసిన న్యాయశాసనములు, వాటితోపాటు శుభాశుభ దినములను చెప్పు గ్రంథము పేర్చి ఉన్నవి. ఆ దినగ్రంథములో దొంగలను గూర్చిన ప్రకరణము ఒకటి కలదు. సొమ్ము పోయిన దినము ఏ శాఖకు చెందినదో చూచి, దొంగ ఎట్లుండునో అది చెప్పును. మొదటి శాఖ ‘జి’ ఎలుక. ఆ దినమున దొంగిలినవాడు మొనదేరిన మూతి, పలుచని మీసములు గలవాడై ఉండునట. తెలిసినంతలో ఇదియే పన్నెండు శాఖలకు మృగములను జతపరచిన ప్రాచీనతమ లేఖనములలో ఒకటి. ఇందులో గమనింపదగిన విశేషములు రెండు. ఒకటి, ఈ మృగములు పుట్టినవాని జాతకము చెప్పుటకు రాలేదు. దొంగను ఆనవాలు పట్టుటకు వచ్చినవి. అదియును సంవత్సరమును బట్టి గాక దినమును బట్టి. రెండు, మృగముల వరుస నేటి వరుస కాదు. ఏడవ శాఖ ‘ఊ’ వద్ద నేడు గుర్రము ఉన్నది. షుయిహుది గ్రంథములో ఆ స్థానమున లేడి ఉన్నది. గుర్రము ఎనిమిదవ శాఖకు జరిగి ఉన్నది.

1986లో గాన్‌సు రాష్ట్రమున థ్యెన్‌షుయి సమీపమున ఫాంగ్‌మాథాన్ అనుచోట మరియొక దినగ్రంథము దొరికినది. కాలము ఇంచుమించు అదే. ఇందు ఏడవ శాఖ గుర్రమే. ఒక్క కాలమున రెండు ప్రాంతములలో రెండు వరుసలు వాడుకలో ఉండెనన్నమాట. ప్రకృతిలో నాటుకొన్న సత్యమైనచో ఊరికొక తీరుగా ఉండదు. జ్ఞాపకమునకు పట్టుకొమ్మలుగా జనులు తగిలించుకొన్న పేర్లు గనుకనే, ఒకచోట లేడి, ఒకచోట గుర్రము. ఈ పేర్లు దేశము దాటినపుడును ఇదే జరిగినది. వియత్నాం జనులు కుందేలు స్థానమున పిల్లిని, ఎద్దు స్థానమున దున్నను నిలుపుకొన్నారు. ఎనిమిదవ శాఖకు చీనీయులు వాడు మాట మేకకును గొఱ్ఱెకును ఒక్కటే. కనుక ఆ సంవత్సరము ఒకదేశమున మేకది, ఒకదేశమున గొఱ్ఱెది.

పేర్లు స్థిరపడిన పిదప వాటిని తత్త్వములతో ముడివేయుట మొదలైనది. కాష్ఠము, అగ్ని, భూమి, లోహము, జలము అను అయిదింటిలో ఒకటి మరియొకదానిని పుట్టించుననియు, ఒకటి మరియొకదానిని జయించుననియు చీనా తాత్త్వికుల సిద్ధాంతము. పన్నెండు శాఖలకు ఈ అయిదింటిని పంచినారు. శాఖద్వారమున మృగములకును అవి సంక్రమించినవి. ఈ ముడిని నిలదీసినవాడు వాంగ్ చుంగ్. క్రీస్తుశకము 27లో పుట్టిన ఈ విమర్శకుడు ‘లున్ హెంగ్’ అను గ్రంథమున తన కాలపు నమ్మికలనెల్ల తూకము వేసినాడు. నేటి వరుసలో మృగములను పేర్కొన్న గ్రంథములలో అది తొలినాటిది. అయితే అతడు వాటిని పేర్కొన్నది నమ్మి కాదు, ఖండించుటకు. అతని వాదము సారాంశమున ఇది. ఎలుక జలము, గుర్రము అగ్ని. జలము అగ్నిని జయించుననుట నిజమైనచో ఎలుక గుర్రమును తరుమదేమి? కోడి లోహము, కుందేలు కాష్ఠము. లోహము కాష్ఠమును నరకునుగదా, కోడి కుందేలును పొడవదేమి? పాము అగ్ని, కోతి లోహము. పాము కోతిని మ్రింగదేమి? జంతువుల గెలుపోటములు పండ్లు, గోళ్లు, బలము, ధైర్యములమీద ఆధారపడియున్నవి గాని తత్త్వములమీద కాదని అతని తీర్పు. పెరటిలోనికి పోయి చూడుమనెడి వాదము అది. పందొమ్మిది వందల యేండ్లు గడచినవి. సమాధానము రాలేదు. నమ్మికయు తగ్గలేదు.

నమ్మిక నిలుచుటకు కారణము దాని గణితమున ఉన్నది. పంచాంగకర్త ఒక సంవత్సరమునకు పన్నెండు జన్మమృగముల ఫలము చెప్పుటకు మొదట చూచునది జంతుస్వభావము కాదు, వలయములోని దూరము. గుర్రపు సంవత్సరమునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. పన్నెండు శాఖలను వలయముగా వ్రాసిన గుర్రమునకు సరిగా ఎదుట ఎలుక పడును. ఎదురెదురుగా ఉన్నవి ఢీకొనును గనుక గుర్రపు యేడు ఎలుకజన్మమువారికి సంఘర్షణకాలము. ఇల్లు మారుట, ఉద్యోగము మారుట, ప్రయాణము వారి ఫలములుగా వ్రాయుదురు. నాలుగేసి గడుల ఎడములో ఉన్న మూడు శాఖలు త్రికోణమగును. పులి, గుర్రము, కుక్క ఒక త్రికోణము. కనుక పులివారికి, కుక్కవారికి గుర్రపు యేడు స్నేహకాలము. గుర్రము ప్రక్కనున్న మేక దానికి జంట. ఆ జన్మమువారికి ఆప్తుల తోడు లభించునందురు. ఎద్దు గుర్రమునకు హానిజంట, కుందేలు భంగజంట. ఎద్దువారికి చాటుమాటు నిందలనియు, కుందేలువారికి తలపెట్టిన పనులు నడుమ విరుగుననియు చెప్పుదురు. మిగిలిన అయిదింటికి, అనగా డ్రాగన్, పాము, కోతి, కోడి, పంది అనువాటికి, గుర్రముతో ఇట్టి గట్టి సంబంధము లేదు. అందుచే వారి ఫలము నక్షత్రదేవతల పేర, తత్త్వముల పేర, పంచాంగకర్త ఊహకొలది నిండును. ఒక పంచాంగము పందివారికి ధనలాభమనును, మరియొకటి జాగ్రత్త అనును. సమసప్తకము, త్రికోణము, షష్ఠాష్టకము అను మాటలెరిగిన తెలుగువారికి ఈ జ్యామితి సుపరిచితమే. వచ్చే యేడు మేకది కాగానే వలయము ఒక గడి తిరుగును. ఎలుక పోయి ఎద్దు ఎదుటికి వచ్చును. పన్నెండేండ్లలో ప్రతివాని వంతుకు ఒక కలహము, రెండు స్నేహములు, ఒక జంట తప్పక వచ్చును. అందరికి సమముగా పంచబడు అదృష్టమును ఎవరు మాత్రము కాదందురు?

ఇక గుర్రపు సంవత్సరమున పుట్టినవారికి గుర్రపు సంవత్సరమే వచ్చినచో? మేలు కలుగునని పరదేశి ఊహించును. చీనా సంప్రదాయము అందుకు విరుద్ధము. ‘బన్ మింగ్ న్యెన్’ అనబడు ఈ స్వజన్మవత్సరము మిక్కిలి గండమైనది. లెక్కకై పుట్టిన థై సుయి కాలక్రమమున దేవత అయినాడు. ఆ యేటికి అధిపతియైన అతని గద్దెమీద కూర్చున్నవాడు అతనికి అపచారము చేసినట్లే. అందువలన ఆ యేడు ఎర్రని మొలనూలో, ఎర్రని లోవస్త్రమో ధరింతురు. బీజింగు నగరమున శ్వేతమేఘాలయమను ప్రసిద్ధ దావోమందిరము కలదు. దానిలోని ఒక మంటపమున అరువది సంవత్సరములకు అరువదిమంది దేవతలు కొలువై ఉన్నారు. భక్తుడు తన పుట్టిన యేటి దేవతను వెదకికొని పోయి దీపము పెట్టును. ఇక్కడ భయమున్నను, భయమునకు సరిపోవు ఓదార్పు ప్రక్కనే ఉన్నది. ఎర్రనూలు ఖరీదు తక్కువ. యేడు గడచిన పిదప మనిషికి కొంత ధైర్యమును మిగులును. సంప్రదాయము ఇంతవరకే నిలిచినచో దానిని గూర్చి చింతింప పనిలేదు.

ఈ లెక్క చీనాను దాటిపోయినపుడు చాలచోట్ల లెక్కగానే మిగిలినది. మంగోలియాలో ఓర్ఖోన్ నదీతీరమున 8వ శతాబ్ది తురుష్కులు నిలిపిన శిలాశాసనములలో కాలము మృగవత్సరములతో చెప్పబడినది. వీరుడైన కుల్ తెగిన్ మరణించిన 731వ సంవత్సరము గొఱ్ఱె యేడు. 11వ శతాబ్దిలో బాగ్దాదునందు తురుష్కభాషా నిఘంటువు కూర్చిన మహమూద్ కాష్గరీ ఈ లెక్క పుట్టుకకు ఒక ముచ్చటైన కథ చెప్పినాడు. పూర్వము జరిగిన యుద్ధముయొక్క కాలము తెలియక తప్పుపట్టిన ఒక రాజు, ఇకముందు ఇట్టి పొరపాటు రాకుండవలెనని, అడవిమృగములను ఇలీ నదివైపు తోలించినాడట. ఏటిని ఈది ఆవలిగట్టు చేరిన పన్నెండింటి పేర్లు, చేరిన వరుసలో, సంవత్సరములకు పెట్టినాడట. మొదట చేరినది ఎలుక. చరిత్ర మరువకుండుటకై పుట్టిన లెక్క అని ఆ నిఘంటుకారుని భావన. ఆయీన్ ఎ అక్బరీలో అబుల్ ఫజల్ వివిధశకములను వర్ణించుచు ఈ తురుష్క ద్వాదశచక్రమునకును చోటిచ్చినాడు.

బౌద్ధులు ఈ మృగములకు మరియొక జన్మమిచ్చినారు. భారతదేశమునుండి వెళ్లి 5వ శతాబ్ది ఆరంభమున పశ్చిమోత్తర చీనాలో అనువాదములు చేసిన ధర్మక్షేముని పేర మహాసన్నిపాత సూత్రభాగములు చీనాభాషలో నిలిచియున్నవి. జంబూద్వీపమునకు నాలుగుదిక్కుల సముద్రములో పర్వతములున్నవనియు, వాటి గుహలలో పన్నెండు మృగములు మైత్రీభావన అభ్యసించుచున్నవనియు ఆ సూత్రము చెప్పును. దినమునకొక మృగము వంతున బయలుదేరి లోకమున సంచరించి, తన జాతి ప్రాణులకు ధర్మము బోధించి వచ్చును. తక్కిన పదునొకండును గుహలలో ఉండును. పులి స్థానమున ఇక్కడ సింహము ఉన్నది. మృగముల పేర్లు అవియే. వరుస ఇంచుమించు అదియే. కాని వాటిపని వేరు. ఇవి ఎవరికిని ఫలము చెప్పవు. తమవారిని మేలుకొలుపును.

టిబెట్టునకు పోయిన దారి ఆంధ్రదేశమును స్పృశించుచున్నది. బుద్ధుడు కాలచక్రతంత్రమును శ్రీధాన్యకటక స్తూపమునొద్ద ఉపదేశించినాడని టిబెట్టు సంప్రదాయము. ఆ ధాన్యకటకమే కృష్ణాతీరపు అమరావతి. ఆ విశ్వాసముతోనే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర మహోత్సవము జరిపినారు. ఆ తంత్రము టిబెట్టు చేరినదని చెప్పబడు 1027వ సంవత్సరమునుండి టిబెట్టు జనులు తమ అరువదేండ్ల ఆవృత్తులను లెక్కింతురు. అది అగ్నికుందేలు సంవత్సరము. ఆవృత్తికి వారు పెట్టిన పేరు ‘రబ్ జుంగ్’. సంస్కృతములోని ప్రభవ శబ్దమునకు అది అనువాదము. అచటినుండి అరువదేసి చొప్పున లెక్కించిన 1987 వచ్చును. తెలుగువారికి 1987 ప్రభవ నామ సంవత్సరమే. ఈ లెక్కననుసరించి నలువదవది పరాభవ. చీనా చక్రమున ఆ యేడు అగ్నిగుర్రము. 2026లోను, 1966లోను, అంతకు పూర్వము 1906లోను ఈ రెండు పేర్లు ఒక్కచోట కలియుటకు కారణమిది.

ఇప్పుడు జపాన్ మాట చెప్పవలెను. అగ్నిగుర్రమును జపనీయులు ‘హినొయె ఊమా’ అందురు. కాండమును అగ్ని, శాఖయు అగ్ని. ఈ రెండు నిప్పుల కలయికను చీనాలోను శంకించినవారున్నారు. 1126, 1127లలో ఉత్తరపు జిన్ సేనలు సుంగ్ రాజధానిని పట్టుకొని చక్రవర్తులను చెరగొనిపోయిన విపత్తు ఈ జంటయేండ్లలోనే జరిగినది. తరువాతి శతాబ్దిలో ఛాయ్ వాంగ్ అను పండితుడు పూర్వచరిత్రనుండి ఇట్టి యేండ్ల విపత్తులను ఏరికూర్చి చక్రవర్తికి హెచ్చరికగా సమర్పించినాడు. అయితే అది రాజ్యమును గూర్చిన శంక. జపాన్‌లో ఆ శంక ఇంటిలోనికి, అందును ఆడపిల్ల ఉయ్యాలలోనికి ప్రవేశించినది. అగ్నిగుర్రపు యేట పుట్టిన స్త్రీ భర్తను తినివేయునని లోకము నమ్మినది.

ఈ నమ్మికకు ముఖముగా నిలిచినది ఒషిచి అను కూరగాయల వర్తకుని కూతురు. యెడో నగరమున అగ్నిప్రమాదము జరిగినపుడు ఆశ్రయము పొందిన ఆలయములో ఒక యువకుని ప్రేమించి, అతనిని మరల చూచుటకై నిప్పుపెట్టినదనియు, 1683లో దహనదండనకు గురియైనదనియు కథ. మూడేండ్లకే సైకకు తన కథాసంపుటిలో ఆమెను చిత్రించినాడు. పిదప బొమ్మలాటలు, కబుకి నాటకములు ఆమెను ఎత్తుకొన్నవి. ఆ కథనములలో ఒకచోట ఆమె 1666లో, అగ్నిగుర్రపు యేట, పుట్టినదన్న మాట చేరినది. నిప్పుపెట్టిన కన్యకు నిప్పుజన్మము కవికి ఎంత చక్కగా కుదిరినదో చెప్పనక్కరలేదు. కాని ప్రచారములోనున్న కథలలో ఆమె వయస్సు పదునారు. పుట్టినప్పుడే ఒక యేడుగా ఎంచు ఆనాటి పద్ధతిలో ఆమె జన్మవత్సరము 1668 అగును గాని 1666 కాదు. రంగస్థలమునకు ఈ లెక్కతో పనిలేదు. ప్రేక్షకుని మనస్సులో గుర్రము, నిప్పు, స్త్రీ మూడును ఒక్కటిగా అతుక్కొనిపోయినవి.

ఫలితము అనుభవించినవారు ప్రేక్షకులు కారు. 1906లో పుట్టిన ఆడపిల్లలలో పలువురి పుట్టినతేదీలను తల్లిదండ్రులు ముందుయేటికో, వెనుకయేటికో మార్చి వ్రాయించినట్లు ఆనాటి జననలెక్కలు పట్టియిచ్చుచున్నవి. ఆ బాలికలు పెండ్లియీడునకు వచ్చునప్పటికి సంబంధములు కుదరక బాధపడినారు. తరువాతి అగ్నిగుర్రము వచ్చునాటికి జపాన్ మారిపోయినది. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. ఆ యేడే అతివేగ రైలు పరుగెత్తినది. 1965లో ఆ దేశమున 18 లక్షల 23 వేల జననములు. 1967లో 19 లక్షల 35 వేలు. నడుమనున్న 1966లో 13 లక్షల 60 వేలు మాత్రమే. పూర్వము తేదీ మార్చి దాచినది, ఇప్పుడు గర్భనిరోధముతో, కొంత గర్భస్రావముతో నెరవేరినది. విజ్ఞానము మూఢవిశ్వాసమును పోగొట్టలేదు. దానికి పనిముట్టు అయినది. ఆ యేటి సంతానసాఫల్యపు రేటు 1.58. ఏ కీడు మృగమును లేని 1989లో ఆ రేటు 1.57నకు దిగినపుడే జపాన్ దేశము ఉలికిపడి తన భవిష్యత్తును గూర్చి ఆలోచింప మొదలుపెట్టినది.

ఇంతటి ఫలమునకు ఆధారమైన యేడు ఎప్పుడు మొదలగునో కూడ నిశ్చయము లేదు. జపనీయులు 1873నుండి పాశ్చాత్యపంచాంగము స్వీకరించినందున వారి అగ్నిగుర్రము 1966 జనవరి 1న పుట్టినది. చీనా చాంద్రమానమున అది జనవరి 21న పుట్టినది. సౌరమానమును పట్టించుకొను చీనా దైవజ్ఞులకు ఫిబ్రవరి 4 ప్రాంతమున. జనవరి 10న పుట్టిన బాలిక టోక్యోలో గుర్రము, చీనాలో పాము. జనవరి 25న పుట్టిన బాలిక చీనాలోనే ఒక పంచాంగమున గుర్రము, మరియొక దైవజ్ఞుని వ్రాతలో పాము. భర్తను చంపు స్వభావము ఏ తేదీన ఆమెలో ప్రవేశించునో అడిగినవారు లేరు.

మేలు కలుగునను నమ్మికయు ఖరీదు లేనిది కాదు. డ్రాగన్ యేట పుట్టినవాడు అదృష్టవంతుడని థైవాన్, హాంకాంగ్, సింగపూరులలోని చీనాకుటుంబముల విశ్వాసము. 1976, 1988 వంటి డ్రాగన్ యేండ్లలో అచట జననములు పెరిగినవి. పెరిగినవారందరు ఒక్కయేట బడికి వచ్చినారు. ఒక్కయేట పరీక్షలకు, ఒక్కయేట ఉద్యోగములకు నిలిచినారు. అదృష్టము పంచుకొనువారు ఎక్కువైనపుడు వంతు తగ్గునన్నది ఏ పంచాంగమునను లేదు.

ఈ కథ విని తెలుగువాడు నవ్వుటకు వీలులేదు. మూలానక్షత్రమున పుట్టిన కోడలు మామగారికి గండమను మాట తెలుగునాట ఎన్ని సంబంధములను చెడగొట్టినదో లెక్క లేదు. అయినను ఒక విషయము ఆలోచింపదగినది. గుర్రము అను పేరులో కీడు లేదు. పరాభవ అను పేరులో ఓటమి, అవమానము స్పష్టముగనే ఉన్నవి. 1966 తెలుగువారికి పరాభవయే. అయినను పరాభవలో పుట్టిన ఆడపిల్ల భర్తకు కీడు చేయునన్న నమ్మిక తెలుగుదేశమున లేదు. కారణము వెదకిన, ఆ పేరును ఒక స్త్రీ ముఖమునకు తగిలించిన కథ తెలుగులో పుట్టకపోవుటయే కనిపించును. అంకె ఒంటరిగా ఎవరిని బాధింపదు. పేరు ఒంటరిగా బాధింపదు. పేరునకు కథ తోడైనపుడు, ఆ కథ పదిమంది నోట తిరిగినపుడు, అది తీర్పు అగును. ఒషిచి జన్మవత్సరమును సవరించిన రచయితకు ఎవరికిని కీడు చేయు తలంపు లేదు. అతడు కోరినది చక్కని పోలిక మాత్రమే. ఆ పోలిక మూడువందల యేండ్లు జీవించి, తాను ఎరుగని స్త్రీలచే ఋణము చెల్లించుకొన్నది.

కథ బంధించగలిగినట్లే విడిపించనుగలదు. 1910లో హేలీ తోకచుక్కను చూచి లోకము అరిష్టమని భయపడుచుండగా, గురజాడ అప్పారావు ముత్యాల సరములలో దానిని శుభసూచకముగా చూపినాడు. ఆకాశమున ఉన్నది అదే చుక్క. మారినది దానికి పెట్టిన అర్థము. వాంగ్ చుంగ్ తర్కముతో చేయబూనినది, మహాసన్నిపాత సూత్రము కరుణతో చేసినది, గురజాడ కవితతో చేసినది ఒక్కటే పని.

1966లో పుట్టిన జపాన్ స్త్రీలకు 2026తో అరువదేండ్ల చక్రము నిండును. జపాన్‌లో అరువదియవ యేట జరుపు వేడుకను ‘కన్‌రెకి’ అందురు. లెక్క తిరిగి మొదటికి వచ్చినదని దాని అర్థము. మనిషి మరల శిశువైనట్లు ఎర్రని టోపి, ఎర్రని చొక్కాయ తొడిగి, పిల్లలు, మనుమలు చుట్టును చేరుదురు. పరాభవలో పుట్టి పరాభవను చేరిన తెలుగు దంపతులకు షష్టిపూర్తి జరుగునది ఈ లెక్కమీదనే. పుట్టవద్దని లోకము చెప్పిన యేట పుట్టి, భర్తలతో బిడ్డలతో అరువదేండ్లు కాపురము చేసిన ఆ స్త్రీలు ఎర్రని చొక్కాయ తొడిగికొని కూర్చున్నపుడు, వాంగ్ చుంగ్ ప్రశ్నకు సమాధానము వేరుగా వెదకనక్కరలేదు. మృగములు రాకమునుపు ఎముకమీద చెక్కిన లెక్క ఏదికలదో, వారి ముంగిట మిగిలినది అదియే. అరువది.